పుస్తకంలో లేని చిటికెడు

ఆ పరిశోధనాలయంలో ఎంతటి మేధావి అయినా నేలమాళిగలో ఉన్న వంటింటి తలుపు తట్టకుండా ఒక్క అడుగు ముందుకు వేయలేడు. వంటిల్లంటే మనుషులకు వండేది కాదు, బాక్టీరియాకు వండేది, ఆ తిండినే అక్కడ మీడియా అంటారు. గోడవారగా కడిగి బోర్లించిన సీసాలు, మూలన సీసాలను ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవు, కిటికీ దగ్గర గాలి తగలకుండా అద్దాల పెట్టెలో పెట్టిన త్రాసు, అన్నిటినీ కమ్మేస్తూ ఉడికిన ఈస్టు వాసన. అక్కడ ఇరవయ్యారేళ్ళుగా వండుతున్నావిడను అందరూ వంటింటావిడ అనే అంటారు. అందుకు ఆవిడ చిన్నబుచ్చుకోదు. చిన్నబుచ్చుకోవాల్సిన పనేముంది? పై అంతస్తుల్లో తెల్లకోట్లు తొడుక్కుని తిరిగేవాళ్ళలో సగంమందికి సూక్ష్మజీవి ఆకలంటే ఏమిటో నేర్పింది ఆవిడే.

ఆవిడకు ఒక పుస్తకం ఉంది. ఒకటంటే ఒకటి కాదు, ఇప్పటికి పద్నాలుగు నిండాయి. ఏ రోజు ఏం వండింది, ఎన్ని గ్రాములు వేసింది, ఎంతసేపు ఉడికించింది, ఏ సీసా ఎవరు పట్టుకెళ్ళారు, ఏ గొట్టం ఏ ఊరి ల్యాబుకు పంపింది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటాయి. ఎవరైనా పైనుంచి దిగొచ్చి మీ మీడియాలో ఏదో తేడా ఉందండీ అన్నారనుకోండి, ఆవిడ కోపం తెచ్చుకోదు. పుస్తకం తీసి వాళ్ళ ముందు పెడుతుంది. పుస్తకంలో లేనిది సీసాలో ఉండదు అంటుంది. అయిదు నిమిషాల్లో ఆ వచ్చినవాళ్ళు తమ తప్పేదో గుర్తుకొచ్చి, తల గోక్కుంటూ మెట్లెక్కేస్తారు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా తేడా ఆవిడ వైపు తేలలేదు. ఆ సంగతి ఆవిడ తనంతట తాను ఎవరికీ చెప్పదుగానీ, ఎవరైనా చెబుతుంటే మాత్రం ఆపదు.

ఆవిడ కూతురు అదే భవనంలో మూడో అంతస్తులో పరిశోధన చేస్తోంది. మూడేళ్ళుగా ఆ పిల్ల పని అంతా ఒకే ఒక్క జన్యువు మీద. అదేమిటో తెలియకపోతే ముందు జరిగేది అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి, ఎక్కువేం లేదు. బాక్టీరియాలో పాల చక్కెరను ముక్కలు చేసి తినడానికి పనికొచ్చే ఎంజైము ఒకటుంది. దాన్ని తయారుచేయించేది ఒక జన్యువు. చక్కెర లేనప్పుడు కూడా ఎంజైము చేసుకుంటూ కూర్చుంటే కణానికి దండగ. అందుకని ఆ జన్యువు మొదట్లోనే ఒక కాపలా ప్రోటీను అడ్డంగా కూర్చుంటుంది. చక్కెర లోపలికొచ్చి దాన్ని పట్టుకుంటే అది పక్కకు తప్పుకుంటుంది, జన్యువు పని మొదలుపెడుతుంది. చక్కెర అయిపోతే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. జన్యువు ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని పలకనివ్వాలి. పలికిందో లేదో కంటికి తెలియడానికి బాక్టీరియాను పరిచి పెంచే గాజు ప్లేటులో ఒక రంగు మందు కలుపుతారు. పలికితే ప్లేటు మీద లేచే బాక్టీరియా మచ్చలు నీలం, పలక్కపోతే తెలుపు. అంతే.

వంటింటి ఫ్రిజ్జులో, ఒకప్పుడు ఈ పరిశోధనాలయాన్ని నడిపిన పాత పెద్దాయన సేకరించిపెట్టి వెళ్ళిన బాక్టీరియా గొట్టాలు అరవై ఉన్నాయి. ఆ పెద్దాయన రిటైరై చాలా ఏళ్ళయింది. వాటిలో నలభై ఒకటో నంబరు బాక్టీరియా కూతురి కంట పడింది. చక్కెర బాగా తక్కువగా ఉన్నప్పుడు, అంటే మామూలు బాక్టీరియా దాని ఉనికినే పట్టించుకోనంత తక్కువగా ఉన్నప్పుడు కూడా, ఈ నలభై ఒకటి నీలంగా మెరుస్తోంది. మామూలుది పక్కనే తెల్లగా ఉంటే ఇది నీలం. వందసార్లు చేసినా అంతే. దీని డీఎన్ఏలో ఎక్కడో ఒక అక్షరం మారి ఉంటుంది, అందుకే కాపలా ఇంత సులువుగా తప్పుకుంటోంది అని కూతురు రాసింది. వ్యాసం అచ్చయింది. ఆ రోజు వంటింటావిడ ఆ పత్రికను గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళి, భర్త కుట్టుమిషను మీద పరిచింది. ఆయన దర్జీ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొదటినుంచి చివరిదాకా చదివి, ఫొటోలు బాగున్నాయి, అంచులు తిన్నగా వచ్చాయి అన్నాడు.

రెండు నెలలు తిరక్కుండా పిడుగులాంటి ఉత్తరం వచ్చింది. పొరుగు దేశపు ల్యాబు నుంచి ఒక పెద్దమనిషి నలభై ఒకటిని అడిగి తెప్పించుకున్నాడు. వంటింటావిడ పుస్తకంలోంచి రాసి పంపిన కొలతల ప్రకారమే మీడియా వండించాడు. ప్లేట్లు పోశాడు. అన్నీ తెలుపే. ఊరుకోకుండా దాని డీఎన్ఏ మొత్తం చదివించాడు. మామూలు బాక్టీరియాకూ దీనికీ ఒక్క అక్షరం కూడా తేడా లేదు. మీ ఫొటోల్లోని నీలం ఎక్కడినుంచి వచ్చిందో వివరించగలరా అని ఎంతో మర్యాదగా అడిగాడు. అంత మర్యాదలో ఎంత విషం ఉంటుందో ఉత్తరాలు చదివే అలవాటున్నవాళ్ళకు తెలుసు. ఆ పిల్ల దొంగ లెక్క రాసింది అని దాని అర్థం. పదిరోజుల్లో విచారణ అన్నారు. ఆ పెద్దమనిషే స్వయంగా వస్తానన్నాడు. తేలకపోతే పట్టా సంగతి తర్వాత, ఆ పిల్ల మొహం చూసి ఇంకెవరూ ఏ ల్యాబులోనూ కుర్చీ వేయరు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొచ్చి కంచం ముందు ఊరికే కూర్చుంది. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు. తల్లి గుచ్చిగుచ్చి అడిగితే ఉన్నదంతా చెప్పింది. ప్లేట్లకు వాళ్ళు వాడిన కొలతలన్నీ నీ పుస్తకంలోవే అమ్మా, ఒక్క గ్రాము తేడా లేదు అంది. దర్జీ మిషను తొక్కడం ఆపి, తనకు తెలిసిన మాట ఒకటి అన్నాడు. కొలతలు ఒకటే అయినా చొక్కా పట్టలేదంటే గుడ్డను చూడాలి, కుట్టేముందు ఒకరు తడిపి ఆరేసి ఉంటారు, ఇంకొకరు అలాగే కత్తిరించి ఉంటారు అన్నాడు. కూతురు విసుక్కోబోయింది. తల్లి మాత్రం ప్లేట్లదాకా వెళ్ళకముందు వాళ్ళు నలభై ఒకటిని ఎక్కడ పెంచారు అని అడిగింది. స్లాంట్లలోనే, అవి కూడా నీ పుస్తకం చూసి వండినవే, రోజుకో కొత్త గొట్టంలోకి మారుస్తూ అయిదు రోజులు పెంచారట అంది కూతురు. స్లాంటంటే గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన మీడియా, బాక్టీరియాను నిలవ ఉంచేది దాని మీదే. మరి మనం పోల్చి చూసే మామూలుది ఎక్కడిది అంది తల్లి. అది మూడో అంతస్తు ఫ్రీజరులోది, నలభై ఒకటి ఒక్కటే నీ గొట్టాల్లోది అని కూతురు చెప్పింది. తల్లికి ఎందుకో లోపల ఎక్కడో కలుక్కుమంది, ఎక్కడో మాత్రం తెలియలేదు.

మర్నాడు స్లాంట్లు వండే రోజు. త్రాసు మీద అన్నీ తూచింది, నీళ్ళలో కలిపింది, గడ్డకట్టడానికి అగరు వేసింది, పుస్తకంలో రాసింది. ఉడికి దిగిన సీసా కాస్త చల్లారాక, ఆవిడ కుడిచెయ్యి తనంతట తాను పక్కకు వెళ్ళింది. నీలం మూత డబ్బా తీసి, కాల్చి చల్లార్చిన గరిటతోనో దేనితోనో కాదు, వేళ్ళకు స్పిరిటు రాసుకుని, పాల చక్కెర ఒక చిటికెడు తీసి సీసాలో వేసేసింది. వేసి మూత పెట్టబోతూ ఆగిపోయింది. ఆ చెయ్యి తనది కానట్టు దానివైపే చూస్తూ నిలబడిపోయింది.

ఇరవయ్యారేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారం, పాత పెద్దాయన పక్కన నిలబడి చెప్పిన మాట అది. ఈ అరవై గొట్టాలకూ కాస్త పాల చక్కెర తగిలించమ్మా, లేకపోతే బద్ధకిస్తాయి అన్నాడు. ఎంత సార్ అంటే, చిటికెడు అన్నాడు. ఉప్పు వేసే ఆడదానికి చిటికెడంటే ఎంతో ఇంకెవరో చెప్పాలా. వేసింది. ఆ రోజునుంచి వేస్తూనే ఉంది. అదొక దినుసని, దాన్ని తూచాలని, తూచినదాన్ని రాయాలని ఆవిడకు ఒక్క రోజూ తట్టలేదు. పద్నాలుగు పుస్తకాలు నింపింది. వాటిలో ఎక్కడా ఆ చిటికెడు లేదు.

స్టూలు మీద కూలబడింది. తల కొట్టేసినట్టయింది. ఎంతమందిని ఈ బల్ల ముందు నిలబెట్టి పుస్తకం చూపించిందో, ఎంతమంది తల వంచుకుని వెళ్ళారో, వాళ్ళ మొహాలన్నీ గుర్తుకొచ్చాయి. కొంతసేపు అలాగే కూర్చుని, లేచి, మొహం కడుక్కుంది. మనదగ్గర మాట, అదే ఇంకొకరైతే ఆ సీసాను సింకులో ఒంపేసి, ఇకనుంచి చిటికెడు మానేసి, నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు. ఎవరికి తెలుస్తుంది? ఆవిడకు ఆ ఆలోచన వచ్చింది కూడా. వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది.

ఒకే నలభై ఒకటిని రెండు వరసలుగా పెంచడం మొదలుపెట్టింది. ఒక వరస చిటికెడుతో, ఇంకో వరస చిటికెడు లేకుండా. పొరుగు ల్యాబువాళ్ళలాగే రోజుకో కొత్త గొట్టంలోకి మారుస్తూ అయిదు రోజులు పెంచింది. ఆరోరోజు రెండింటినీ కూతురి ప్లేట్ల మీద పరిచింది. ఏడోరోజు పొద్దున చూస్తే ఒకదాన్నిండా నీలం, ఇంకోదాన్నిండా తెలుపు. కూతురిని కిందికి పిలిచి, రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి, జరిగిందంతా చెప్పింది.

ఆ పిల్ల ముందు ప్లేట్లను చూసింది, తర్వాత తల్లిని చూసింది. నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. తర్వాత బల్ల మీద వేలితో గీతలు గీస్తూ తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పుకుపోయింది. కాపలా తప్పుకున్నప్పుడు ఎంజైము ఒక్కటే తయారు కాదు, చక్కెరను లోపలికి లాగే తలుపులు కూడా తయారవుతాయి. చిటికెడు తిన్న కణానికి ఒంటినిండా తలుపులే. బయట చక్కెర ఎంత తక్కువున్నా అది లాక్కుంటుంది, కాపలాను మళ్ళీ కూర్చోనివ్వదు. అది రెండుగా చీలినప్పుడు ఆ తలుపులు పిల్లలకు పంచుతుంది. తలుపుల్లేని కణానికి అదే చక్కెర బయట ఉన్నా రుచి కూడా తెలియదు. డీఎన్ఏలో అక్షరం మారనక్కర్లేదు. తల్లి ఏం తిన్నదో దాన్నిబట్టి అదే జన్యువు ఒకచోట పలుకుతుంది, ఇంకోచోట పలకదు.

అంతవరకూ చెప్పి ఆగిపోయింది. తన వ్యాసం తప్పని అప్పుడు తట్టింది. అక్షరం మారిందని రాసింది, అదేమీ మారలేదు. మూడేళ్ళ పని. వంటింటావిడకు ఆ సంగతి వారం రోజులుగా తెలుసు. దొంగ అన్న మాట పోతుంది, కనిపెట్టింది అన్న మాట కూడా దాంతోపాటే పోతుంది.

"చెప్పమంటావా, వద్దంటావా?" అంది తల్లి.

"నీ పుస్తకం మాటేమిటమ్మా? ఇన్నేళ్ళ పేరు."

"అది నా గొడవ. నీ సంగతి చెప్పు."

కూతురు ప్లేట్లకు మూతలు పెట్టి, "చెబుదాం" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ పిల్లను చూసి ఆ తల్లికి ఎంత గర్వం కలిగిందో నేను చెప్పలేను. పట్టా వచ్చిన రోజున కూడా అంత కలగదు ఏ తల్లికీ.

విచారణ రోజున పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. పొరుగు ల్యాబు పెద్దమనిషి సన్నగా, కళ్ళద్దాలతో, తలకాయ ఊపడం కూడా దండగ అన్నట్టున్నాడు. తన నలభై ఒకటిని గాజుగొట్టంలో పెట్టి వెంట తెచ్చుకున్నాడు. వంటింటావిడ నిలబడే మొత్తం చెప్పింది. ఎక్కడా దాచలేదు. చెప్పడం అయిపోయింది. అప్పుడు డైరెక్టరుగారు, మంచాయనే పాపం, ఎంతో దయగా ఒక మాటన్నాడు. మీరు తల్లి కదమ్మా, మాకు అర్థమవుతుంది అన్నాడు. పిల్లను కాపాడుకోవడానికి కథ అల్లుకొచ్చింది అని ఆ దయకు అర్థం. ఇరవయ్యారేళ్ళలో ఆవిడను ఎవరూ అంత మాట అనలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కూతురు లేవబోతే కళ్ళతోనే కూర్చోబెట్టింది.

"నా మాట నమ్మొద్దండి," అంది. "నా గొట్టాలు కూడా నమ్మొద్దు. ఆయన తెచ్చుకున్న బాక్టీరియా ఉంది కదా, అది మామూలుదేనని ఆయనే రాశారు. దాన్నే చూద్దాం."

కళ్ళద్దాలాయన మొదటిసారి తలెత్తాడు. అందరూ వంటింట్లోకి దిగారు. ఆవిడ ఏదీ ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. స్లాంటు మీడియాను ఆయనే వండాడు, ఆయనే రెండు సీసాల్లోకి పోశాడు. నీలం మూత డబ్బాలోంచి చిటికెడు తీసి ఒకదాంట్లో వేసింది కూడా ఆయనే. ఆ సీసాల్లోంచి పోసి గడ్డకట్టించిన రెండు గొట్టాల్లోనూ తను తెచ్చిన బాక్టీరియాను తీగతో గీశాడు, తన సంతకంతో చీటీలు అంటించాడు, వెచ్చటి అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మర్నాడు వాటిని తనే ప్లేట్ల మీద పరిచి, మళ్ళీ తాళం వేశాడు. ఆ రెండు రోజులూ తల్లీకూతుళ్ళు ఆ గది ఛాయలకు వెళ్ళలేదు. ఇంట్లో దర్జీకి గుండీలు కుడుతూ కూర్చున్నారు. ఒక కోటుకు ఏడు గుండీలుండాల్సింది తొమ్మిది కుట్టారని ఆయన మొత్తుకున్నాడు.

మూడోరోజు పదింటికి తాళం తీశారు. కళ్ళద్దాలాయన మొదటి ప్లేటు తీశాడు. తెలుపు. రెండోది తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అంచునుంచి అంచుదాకా నీలం. కిందికి దించి, చీటీ మీద తన సంతకం చూసుకుని, మళ్ళీ ఎత్తి చూశాడు. ఒక్క అక్షరం కూడా తేడా లేదని తను రాసిన బాక్టీరియానే, తన చేత్తో తనే పెంచాడు. ఎవరిని అనుమానిస్తాడు?

ప్లేటు బల్ల మీద పెట్టి, వంటింటావిడ వైపు తిరిగి, ఎంతో స్పష్టంగా చెప్పాడు.

"మీ అమ్మాయి అబద్ధం ఆడలేదు."

"అది నాకు ముందే తెలుసండీ," అంది ఆవిడ. "తెలియనిదల్లా నా సంగతే."

డైరెక్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. కూతురు మాత్రం ఆ మాట పట్టించుకోనట్టే, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ, ఈ రెండు ప్లేట్లతో కొత్తది మొదలుపెడతాననీ, మరో ఏడాది గడువు కావాలనీ అడిగింది. అడిగిన తీరు చూస్తే ఇవ్వనని ఎవరనగలరు? కళ్ళద్దాలాయన అయితే తన ల్యాబులో అయిదు రోజులు పెంచిన లెక్కలన్నీ పంపిస్తానన్నాడు, అవి లేకుండా నీ కొత్త వ్యాసం నిలబడదు అన్నాడు. అది ఆయన క్షమాపణ అడిగే పద్ధతి అని తర్వాత తెలిసింది.

ఆ పని అయిపోయిందనుకుని అందరూ కదలబోతుంటే వంటింటావిడ కదల్లేదు. పద్నాలుగు పుస్తకాలూ బల్ల మీద పేర్చింది. ఈ అరవై గొట్టాల్లోంచి ఇప్పటిదాకా అరవైమూడు చోట్లకు పంపాను, ఎవరికి ఏ రోజు పంపానో అంతా ఉంది, అందరికీ ఉత్తరాలు రాయాలి అంది. మీరు రాయనక్కర్లేదులే, ఆఫీసు చూసుకుంటుంది అన్నాడు డైరెక్టరు. వేసింది ఆఫీసు కాదు కద సార్ అంది ఆవిడ. రాస్తే సరే, ఎంత వేశారని రాస్తారు, చిటికెడని రాస్తే ఎవరూ ఒప్పుకోరు, అంకె కావాలి అన్నాడు కళ్ళద్దాలాయన. ఆ మాట నిజమే కాబట్టి ఆవిడ త్రాసు అద్దం తలుపు తీసింది.

వేళ్ళు తుడుచుకుని, నీలం మూత డబ్బాలోంచి ఒక చిటికెడు తీసి పళ్ళెంలో వేసింది. కళ్ళద్దాలాయన అంకె చదివాడు, మూడువందల ఎనిమిది మిల్లీగ్రాములు. ఒక్కదాన్నిబట్టి ఏం తెలుస్తుంది, పదిసార్లు తీయండి అన్నాడు. తీసింది. మూడువందల పది. మూడువందల ఏడు. మూడువందల ఎనిమిది. మూడువందల తొమ్మిది. ఏడోసారి వచ్చేసరికి ఆయన అంకె చదవడం మానేసి ఆవిడ వేళ్ళనే చూస్తున్నాడు. మిగిలిన నాలుగింటినీ కూతురే చదివింది. పదింటిలోనూ అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య ఉన్న తేడా ఒక చీమ ఎత్తుకుపోయేంత. ఇరవయ్యారేళ్ళుగా అంతే వేసిందన్నమాట.

వంటింటావిడ పద్నాలుగో పుస్తకంలో స్లాంట్ల పేజీ తెరిచి, కలం తీసుకుంది. అగరు తర్వాత వరసలో పాల చక్కెర అని రాయాలి, పక్కన మూడువందల ఎనిమిది అని వేయాలి, ఇన్నాళ్ళు రాయలేదని కింద ఒప్పుకోలు రాయాలి. కలం కాగితం మీద ఆనించింది, తీసేసింది. మళ్ళీ ఆనించింది. పదిసార్లు చిటికెడు తీసినా తేడా రాని ఆ చేతికి ఇప్పుడు ఒక్క అక్షరం పడలేదు.

"నువ్వు రాయవే," అని కలం కూతురికి ఇచ్చేసింది. "నేను చెబుతుంటాను."